రౌతు చేయెత్తిన మోటారు ఆగవలెను

మన దేశమున అమలునందున్న 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములో 132వ సెక్షను అని యొకటి కలదు. అందలి యొక నిబంధనమునకు భావమిది: ఒక జంతువును తోలుకొని పోవుచున్నవాడు, ఆ జంతువు బెదరినదనియో, ఎదుటవచ్చు మోటారు వలన బెదరి తన చేతికి లొంగకుండ పోవుననియో శంకించి, బండి నాపుమని కోరినచో, మోటారు నడుపువాడు తన బండిని ఆపవలెను. ఆపుటయే గాదు, అవసరమైనంతసేపు కదలక నిలిచియుండవలెను. జంతువనగా నేవి యను సందేహమునకు తావులేకుండ చట్టమే పేర్లు చెప్పినది: గుఱ్ఱము, పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొఱ్ఱె, మేక. ఆ పట్టికలో అగ్రతాంబూలము గుఱ్ఱమునకే.

ఇది చదివి పాఠకులలో పెక్కుమంది మేము కల్పించి చెప్పుచున్నామని శంకింతురేమో. అది వారి తప్పు గాదు. మోటారు నడుపుటకు లైసెన్సు పుచ్చుకొన్న మిత్రులను అనేకులను మేము అడిగితిమి. ఈ సెక్షను పేరు విన్నవాడు ఒక్కడును దొరకలేదు. పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను బాడుగకిచ్చు వారిని అడిగితిమి. చట్టము తమ పక్షమున నున్నదను మాటకే వారు నవ్విరి. హక్కు గలవానికి తన హక్కు తెలియదు. బాధ్యత గలవానికి తన బాధ్యత తెలియదు. పెట్టెలో దాచిన నగ యున్నదని ఇంటివారికైనను తెలియును. ఈ చట్టమున్న సంగతి, దాని నుంచుకొన్న ఇంటివారికే తెలియకున్నది.

ఈ నియమము నిన్న మొన్న పుట్టినది గాదు. 1988కి పూర్వము అమలునందుండిన 1939 సంవత్సరపు చట్టములోను ఇది యున్నది. దాని మూలమును వెదకుచు పోయినచో ఇంగ్లాండు చేరుదుము. ఆ కథ తెలిసికొనదగినది.

1865లో బ్రిటిషు పార్లమెంటు రోడ్లపై నడచు ఆవిరియంత్రములను గూర్చి యొక చట్టము చేసినది. ఆ యంత్రమును నడుపుటకు కనీసము ముగ్గురు మనుష్యులుండవలెను. వారిలో నొకడు ఎఱ్ఱజెండా పట్టుకొని యంత్రమునకు 60 గజములు ముందుగా కాలినడకను పోవలెను. పల్లెసీమలలో వేగము గంటకు 4 మైళ్ళు; పట్టణములలో 2 మైళ్ళు. ఆ జెండావాని పని యేమి? ఎదుటవచ్చు గుఱ్ఱపురౌతులకును, గుఱ్ఱపుబండ్లు తోలువారికిని యంత్రము వచ్చుచున్నదని ముందుగా తెలుపుట. వలసినచో యంత్రమును ఆపించుట. గుఱ్ఱములు దానిని దాటిపోవుటకు సాయపడుట. ఇనుప యంత్రము పోవుటకు గుఱ్ఱము అనుమతి కావలసివచ్చినదన్నమాట! 1896లో ఈ బంధములను సడలించిరి. అప్పుడు సైతము, బెదరిన గుఱ్ఱమును పట్టుకొన్నవాడు చేయెత్తినచో మోటారు ఆగవలెనను నియమమును మాత్రము వారు విడువలేదు. మన 132వ సెక్షనులోని మాట ఆ నియమపు సంతతియే.

అంతటి గౌరవము గుఱ్ఱమునకేల కలిగినది? ఆనాడు ఇంగ్లాండున స్వారిగుఱ్ఱమును, జోడుగుఱ్ఱముల కోచిబండిని ఉంచుకొన్నవారు ప్రభువులు, భూస్వాములు, పార్లమెంటు సభ్యులు. చట్టము చేయువాని గుఱ్ఱము బెదరినచో చట్టము కదలును. మన ఊళ్ళలో రైలుస్టేషనుల యెదుట జట్కాలు బారులు తీరియుండిన దినములలో, ఆ కళ్ళెము పట్టినవాడు దినమునకు దాణా ఖర్చులు పోగా మిగిలిన అణాలతో పిల్లలను పోషించుకొన్న బీదవాడు. అతని గుఱ్ఱము బెదరి గుంటలో పడినచో, బండిని చక్కగా తోలలేదని అతనినే గద్దించిరి. చట్టములోని అక్షరము ఒక్కటే. గుఱ్ఱము యజమాని మారినంతనే ఆ అక్షరము కంటికి కనబడుట మానినది.

గుఱ్ఱముల కాలము పోయినది, ఇప్పుడీ చర్చ యెందులకని కొంద ఱందురు. సంఖ్య తగ్గిన మాట నిజము. 2019 సంవత్సరపు పశుగణనములో దేశమంతట గుఱ్ఱములును తట్టువలును కలిసి సుమారు 3.4 లక్షలు మాత్రమే తేలినవి. 2012 లెక్కతో పోల్చినచో ఇది దాదాపు సగము తగ్గుదల. కాని 3.4 లక్షలు శూన్యము గాదు. పాడేరు మన్యమున గిరిజన సోదరులు నేటికిని తట్టువలపై సరకులు వేసికొని సంతలకు వచ్చుచున్నారు. ఆ కొండదారులలోనే యాత్రికుల కారులును పరుగిడుచున్నవి. విశాఖ సముద్రతీరమున పిల్లలను ఎక్కించుకొని త్రిప్పు గుఱ్ఱములు కలవు. హైదరాబాదున పోలీసువారికే అశ్వదళము కలదు. ఇక పెండ్లి ఋతువు వచ్చినదా, తెలంగాణ పట్టణములలో వరుడు గుఱ్ఱమెక్కని ముహూర్తము అరుదు. మన పెండ్లిండ్లలో పల్లకి దిగి వరుడు గుఱ్ఱమెప్పు డెక్కినాడో చెప్పలేము గాని, ఎక్కినవాడు క్షేమముగా దిగవలెను గదా!

గుఱ్ఱము స్వభావమెట్టిదో తెలియనివాడు రోడ్డుమీద దానికి ప్రథమశత్రువు. నలచక్రవర్తికి అశ్వహృదయమను విద్య తెలియునని భారతకథ. ఆ విద్యలో వీసమెత్తైనను నేటి మోటారు నడుపువానికి అవసరమై యున్నది. ఎద్దునకు కొమ్ములున్నవి, కుక్కకు కోరలున్నవి, గుఱ్ఱమునకు పరుగే ఆయుధము. పచ్చికబయళ్ళలో తిరుగుచు, మృగము వాసన తగిలినంతనే ఆలోచింపక పరుగెత్తిన గుఱ్ఱములే బ్రతికి బట్టకట్టినవి. ఆ సంతతియే మన వాకిట నిలిచియున్నది. కావున అది ముందు పరుగెత్తును, పిమ్మట ఆలోచించును. దీనిని పిఱికితనమనువాడు తన అజ్ఞానమును చాటుకొనుచున్నాడు.

దాని కన్నులు తల కిరుప్రక్కల నుండును. అందువలన చుట్టును దాదాపు అన్నివైపులను అది చూడగలదు. నుదుటి కెదురుగా చేరువనున్నదియు, తోకకు సూటిగా వెనుక నున్నదియు మాత్రము దానికి కనబడవు. వెనుకనుండి వచ్చు మోటారు ఆ కనబడని చోటనే పొంచియుండి, ఒక్కసారిగా కంటి అంచున ప్రత్యక్షమగును. బండిగుఱ్ఱమునకు కండ్లగంతలు కట్టుటవలన ప్రక్కచూపును పోవును. చప్పుడు వినబడును గాని చేయునది కనబడదు. ఇట్టి సమయమున మన మోటారు సోదరుడు చేయునదేమి? రౌతును హెచ్చరింపవలెనను సదుద్దేశముతోనే, గుఱ్ఱము వెనుకకు వచ్చి హారను మ్రోగించును. ఇంతకంటె చెడ్డపని మఱియొకటి లేదు! లారీవాని గాలిహారను సంగతి చెప్పనక్కఱలేదు. దాని బ్రేకు విడుచు బుస విన్న గుఱ్ఱమునకు, వెనుకనున్నది త్రాచో, లారీయో విచారించు తీరిక ఉండదు.

మఱియొక సంగతి. గుఱ్ఱము ముందుకే పరుగెత్తునని నమ్మరాదు, ప్రక్కకు ఎగురును. రోడ్డు మార్జినులో ప్లాస్టికు సంచి యొకటి గాలికి రెపరెపలాడినచో, దానికి దూరముగా పోవుటకై నడిరోడ్డువైపునకే దూకును. ఆ క్షణమున మూరెడు ఎడముతో దూసుకొనిపోవు కారున్నదనుకొనుడు. ఎత్తైన కాళ్ళమీద నిలిచిన అంత బరువుగల దేహము కారు మూతిపై విఱిగిపడి, ముందరి అద్దములోనికి వచ్చును. చచ్చునది గుఱ్ఱము, రౌతు మాత్రమే గాదు. దయ యను మాట కాసేపు ప్రక్కన బెట్టుదము. తన ప్రాణముపై తీపియున్న మోటారువాడైనను ఇక్కడ నెమ్మదించవలసినదే.

ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్సులలో అమలగు రోడ్డు నియమావళిని 2022 జనవరి 29 నుండి మార్చిరి. దానిలో గుఱ్ఱమును గూర్చి రెండంకెలు వేసిరి. గుఱ్ఱపురౌతునుగాని గుఱ్ఱపుబండినిగాని దాటునపుడు మోటారు వేగము గంటకు 10 మైళ్ళకు, అనగా సుమారు 16 కిలోమీటర్లకు, మించరాదు. నడుమ కనీసము 2 మీటర్ల ఎడము, అనగా మన లెక్కకు నాలుగు మూరలకు పైగా, ఉండవలెను. హారను మ్రోగింపరాదు, ఇంజనును గర్జింపజేయరాదు, వలసినచో ఆగుటకు సిద్ధముగా నుండవలెను. ఈ యంకెలకు వెనుక నొక సూత్రమును గూడ మొదటనే వ్రాసిరి: ఎదుటివానికి హెచ్చు హాని చేయగల బండిని నడుపువానిపై హెచ్చు బాధ్యత యుండును. లారీవాని బాధ్యత కారువానికంటె హెచ్చు. కారువానిది సైకిలువానికంటె హెచ్చు. ఆ గుఱ్ఱపువారు ఊరకుండగా ఈ యంకెలు ఆకాశమునుండి ఊడిపడలేదు. అచటి అశ్వసంఘము ఏండ్ల తరబడి ప్రచారము చేసి, ప్రమాదముల లెక్కలు కూర్చి, మంత్రుల ముందుంచుచు వచ్చినది.

మన కేంద్రప్రభుత్వము 2017లో డ్రైవింగు నిబంధనలను క్రొత్తగా ప్రకటించినది. అందు బలహీనులగు బాటసారుల యెడ శ్రద్ధ వహింపవలెనని హితవు కలదు, సంతోషమే. కాని గుఱ్ఱమును దాటునపుడు ఇంత వేగమును మించరాదు, ఇంత ఎడము విడువవలెను అను అంకె లేదు. శ్రద్ధ వహింపుడు, జాగ్రత్త పడుడు అను మాటలు గోడమీద వ్రాసికొనుటకు బాగుండును. కోర్టులో నిలిచినపుడు ఎవని జాగ్రత్త యెంతయో తేల్చువారెవరు? అంకె యున్నచో మోటారువానికి ముందుగా తెలియును. పోలీసువానికి కొలబద్ద దొరకును. కాలు విఱిగిన రౌతునకు తన దావాలో ఆధారము దొరకును. పరదేశపు నియమమును మేము పొగడుట చూచి కనుబొమలు ముడుచు మిత్రులు కొందఱుందురు. వారికి మా మనవి: పరాయివాని మిల్లుబట్ట వద్దనుట వేఱు, పరాయివాని బుద్ధిని వద్దనుట వేఱు. అందును ఈ బుద్ధి కేవలము పరాయిది గాదు. గుఱ్ఱమును కన్నబిడ్డవలె చూచుట మన పురాణములకు క్రొత్తగాదు.

తీరిక లేదను వాదమొకటి బలముగా వినబడుచున్నది. సరకు వేళకు చేరవలెను, ఆఫీసు వేళ మించిపోవుచున్నది, గుఱ్ఱమునకై ఆగుచు కూర్చున్నచో వ్యాపారమెట్లు సాగునని అడుగుచున్నారు. లెక్క చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు 100 మీటర్ల దూరమును 6 సెకండ్లలో దాటును. అదే కారు 16 కిలోమీటర్లకు తగ్గి ఆ దూరమును దాటినచో సుమారు 22 సెకండ్లు పట్టును. నష్టము 16 సెకండ్లు. మఱల వేగము పుంజుకొనుటకు మఱికొన్ని కలుపుడు, అరనిమిషము దాటదు. తాంబూలము వేసికొనుటకు ఇంతకంటె హెచ్చుకాలము పట్టును. సైంధవుని ప్రొద్దు గ్రుంకులోపల చంపుదునని ప్రతిజ్ఞ పట్టిన దినమున, అంతటి అర్జునునకు తీరిక దొరకినది. శత్రుసేన నడుమ రథము నిలిపి, గుఱ్ఱములను విడిపించి, శ్రీకృష్ణుడంతటివాడు వాటి బాణములు పెఱికి నీరుద్రావించినాడు. మన టమాటా లారీకి అంతకు మించిన ప్రతిజ్ఞ యేదియో మాకు బోధపడకున్నది.

ఇక వేగమును గూర్చి మఱియొక్క మాట. అపాయము చూచినది మొదలు కాలు బ్రేకును నొక్కువఱకు ఒక్క సెకండు పట్టుననుకొన్నను, 60 కిలోమీటర్ల వేగమున ఆ సెకండులో కారు 16 మీటర్లకు పైగా పోయియుండును. 16 కిలోమీటర్ల వేగమున నాలుగున్నర మీటర్లకు మించదు. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరని ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఒక యుద్ధము జరిగినను ఇంతమంది చావరు. ఇట్టి రోడ్లపై గుఱ్ఱమునకు నెమ్మదించుట నేర్చినవాడు, బడికి పోవు పిల్లవానికిని నెమ్మదించును.

తీరిక వాదము ఓడినచో మఱియొక వాదము బయలుదేఱును: గుఱ్ఱములను రోడ్డుమీదనుండి తొలగించుడు, అంతటితో పీడ విరగడయగునని. ఇది నాగరకతా వేషము వేసికొనివచ్చు వాదము గనుక దీనిని శ్రద్ధతో పరిశీలింపవలెను. బొంబాయిలో విక్టోరియా యను గుఱ్ఱపుబండ్లు చట్టవిరుద్ధములని అచటి హైకోర్టు 2015లో తీర్పు చెప్పినది. ఆ గుఱ్ఱముల శాలలు దుర్గంధభూయిష్ఠములై, జంతువులు హింసల పాలగుచున్నవని జంతుసంరక్షకులు మొఱపెట్టుకొనిరి. హింసను మాన్పుటకు చేసిన ప్రయత్నమును మేము తప్పుపట్టము. కాని జంతువును హింసింపవలదనుట ఒక న్యాయము. జంతువు అడ్డము గనుక పొమ్మనుట మఱియొక దౌర్జన్యము. ఈ రెండింటిని కలగాపులగము చేసి, మొదటిదాని పేరు చెప్పి రెండవదానిని సాధించుకొనువారు బయలుదేఱినారు. గుఱ్ఱముపై జాలియని వారందురు; వారి జాలి కారు సాఫీగా పోవుటతో ఆగును. తొలగించిన గుఱ్ఱము ఏమి తినునో, దానినమ్ముకొన్న సంసారమేమగునో వారి వ్యాసములలో కానరాదు.

హింసను మాన్పుటకు చట్టములు కావలెనన్నచో అవియు నున్నవి. 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని క్రింద 1965లో బండ్లు లాగు జంతువులను గూర్చి నియమములు చేసిరి. దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు; విశ్రాంతి లేక వరుసగా అయిదు గంటలు దాటరాదు; ఉష్ణము 37 డిగ్రీలు మించిన చోట పగలు పండ్రెండు మొదలు మూడుగంటల వఱకు తోలరాదు. మన ఎండాకాలమున ఈ కడపటి నియమము నెందఱు పాటించుచున్నారో పాఠకులే ఊహింపగలరు. ఈ నియమములు రోడ్డు భద్రతకును సంబంధించినవే. అలసిన గుఱ్ఱము తొట్రుపడును. దప్పిగొన్న గుఱ్ఱము మాట వినదు. లాడములరిగిన గుఱ్ఱము నున్నని తారురోడ్డుపై జాఱిపడును. గుఱ్ఱము గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు చెప్పిరి. దాణా తప్పించి సేవ తప్పనీయనివారు నేడు బలిసియున్నారు.

వేగముగా పోవు మోటారులకు వేఱు బాట వేసి, అందు జంతువులను రానీయకుండుట మేమెఱుగనిది గాదు. బెంగుళూరు, మైసూరు నడుమ వేసిన పెద్దరోడ్డు నడిబాటలోనికి 2023 ఆగస్టు 1 నుండి జంతువుల బండ్లనే గాక, ద్విచక్ర మోటారులను, ఆటోలను, ట్రాక్టర్లను గూడ నిషేధించిరి. వారికి ప్రక్కబాట యున్నది. ప్రక్కబాట నిచ్చి నడిబాటను మూయుటకు మా ఆక్షేపణ లేదు. బాట యీయక మనిషిని మూయుటకే మా ఆక్షేపణ. మన్యపు కొండదారిలో రెండవ బాట యెక్కడనున్నది? ఊరిలో పెండ్లివారింటికి పోవు వీధికి ప్రక్కవీధి యెక్కడ?

ఇంతవఱకు మోటారువారిని గద్దించితిమి. గుఱ్ఱపువారిని విడిచిపెట్టుట న్యాయము గాదు. నగరపు రోడ్లపై రాత్రివేళ దీపము లేక, జీను లేక, పందెములు కట్టి గుఱ్ఱములను దౌడుతీయించు యువకులు కొందఱున్నారు. శౌర్యమని వారి తలపు. ఆ శౌర్యమునకు మూల్యము చెల్లించునది నోరులేని జంతువు. వారు తెలిసికొనవలసిన దేమనగా, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 281వ సెక్షను కేవలము మోటారువారి కొఱకు వ్రాసినది గాదు. బహిరంగ మార్గమున ప్రాణాపాయకరముగా బండి నడుపువానికిని స్వారిచేయువానికిని అది సమానముగా వర్తించును. ఆఱునెలల ఖైదు వఱకు శిక్ష యున్నది. 1860 నాటి శిక్షాస్మృతిలోను స్వారి అను మాట యుండనే యున్నది. తన జంతువు వలన ఇతరులకు అపాయము కలుగకుండ జాగ్రత్తపడనివానికి 291వ సెక్షను వేఱుగ కలదు.

పెండ్లి గుఱ్ఱముల సంగతి మఱియు ఘోరము. వరుని ముందు బ్యాండుమేళము, వెనుక పెద్దపెద్ద పెట్టెలనుండి గుండెలదరు సంగీతము, ప్రక్కన జనరేటరు దీపముల కాంతి, కాళ్ళ దగ్గర టపాకాయలు, అవతలి ప్రక్కన సందు దొరకక హారను మ్రోగించు బస్సు. పైన, స్వారి అననేమో తెలియని వరుడు. వాని ముందు బాలుడొకడు. ఇన్నిటి నడుమ కళ్ళెము పట్టుకొని నిలిచినవాడు ఒక్కడు, రాత్రికి ఇన్ని రూపాయలని కుదిరిన కూలివాడు. గుఱ్ఱము బెదరకుండుటయే అబ్బురము! పెండ్లి పెద్దలు భోజనములకు లక్షలు వ్యయపఱచుచున్నారు. రెండవ మనిషిని కళ్ళెము పట్టుటకు పెట్టుకొనలేరా? టపాకాయలు గుఱ్ఱము దాటిపోయిన తరువాత కాల్చినచో ముహూర్తము చెడునా? గుఱ్ఱమును నడిపించువాడు దానిని తన యెడమప్రక్క నుంచుకొని, తాను రాకపోకల బండ్లకును గుఱ్ఱమునకును నడుమ నడువవలెను. మనది ఎడమప్రక్క పోవు దేశము గనుక ఇట్లు చేసినచో గుఱ్ఱము రోడ్డు అంచున సురక్షితముగా నుండును. ఇంత చిన్న సంగతియు మనవారికి చెప్పు దిక్కు లేకున్నది.

రౌతులు మునిమాపువేళ మొదలు వెలుతురు తగిలిన మెఱయు పట్టీలను తమ భుజములకును గుఱ్ఱము కాళ్ళకును కట్టుకొనవలెను. బండికి ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము ఉండవలెను. సముద్రతీరమున పిల్లలను ఎక్కించువారు తలకు శిరస్త్రాణము పెట్టనిదే ఎక్కింపరాదు. తండ్రులు ఫోటో తీయుటకై శిరస్త్రాణము వలదందురు. వారి మాట వినరాదు. తిరుగని గుఱ్ఱమును, క్రొత్తగా మరగిన గుఱ్ఱమును ఒంటరిగా పెద్దరోడ్డుమీదికి తేరాదు. అనుభవముగల మఱియొక గుఱ్ఱమును తోడు తెచ్చుకొనవలెను. మోటారువాడు నెమ్మదించినచో చేయెత్తి కృతజ్ఞత తెలుపుట మఱువరాదు. ఆ ఒక్క నమస్కారము వలన మఱునాడు వాడు మఱియొక గుఱ్ఱమునకును నెమ్మదించును.

ఇక ప్రభువుల వంతు. లైసెన్సు పరీక్షలో 132వ సెక్షనును గూర్చి ఒక్క ప్రశ్న తప్పక అడుగవలెనని మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల రవాణాశాఖలను కోరుచున్నాము. ఇందులకు శాసనసభ కూడనక్కఱలేదు. బొక్కసమునకు కానిఖర్చు లేదు. పాడేరు ఘాటుదారి మొదట, చివర, సంతలు కూడు గ్రామముల పొలిమేరలలో, గుఱ్ఱము బొమ్మతో హెచ్చరిక పలకలు నాటవలెను. 2017 నిబంధనలలో వేగమునకు 16 కిలోమీటర్ల అంకెను, ఎడమునకు 2 మీటర్ల అంకెను చేర్చుటకై మన పార్లమెంటు సభ్యులు కేంద్రమంత్రిని అడుగవలెను. ఆ నిబంధన గుఱ్ఱమునకే పరిమితము గానక్కఱలేదు. పాలమూరు గొల్లలు మందలను తోలుకొని వందలమైళ్ళు రోడ్డు వెంబడి నడచుచున్నారు. చట్టములో గొఱ్ఱె పేరును, మేక పేరును ఉన్నవి గదా! వారికిని ఈ రక్షణ చెందవలెను.

పెండ్లిండ్ల ముహూర్తములు ముందున్నవి. అంతలోపల ప్రతి పోలీసుస్టేషను గోడపైనను, ప్రతి కళ్యాణమండపము వాకిటను, ప్రతి లారీ ఆఫీసులోను 132వ సెక్షనును పెద్ద తెలుగు అక్షరములలో వ్రాయించి తగిలింపవలెను. పఠనమందిరముల కార్యదర్శులు ఈ పని తమ ఊళ్ళలో తామే ప్రారంభింపవచ్చును. ఒక అట్టముక్క, ఒక సిరాసీసా చాలును. గుఱ్ఱములను బాడుగకిచ్చువారి ఇండ్లకు పోయి, చదువురాని వారికి దానిని చదివి వినిపించి, చేయి ఎట్లు ఎత్తవలెనో చూపవలెను.